ఒకే యాంటీబాడీకి రెండు కేడీలు: ఆక్టెట్‌ను నమ్మాలా, బయాకోర్‌ను నమ్మాలా?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మీరు రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్‌కు బయోసిమిలర్ మీద, అంటే ఒరిజినల్‌ను పోలిన మందు మీద పనిచేస్తున్నారు. ఒకే లాట్ (ఒకే విడత తయారీ) యాంటీబాడీ, అది పట్టుకునే ఒకే హెర్2 ప్రోటీన్. రెండూ ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే సంఖ్య కేడీ, అది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. ఆక్టెట్ మెషిన్‌లో చేస్తే అది 1 పికోమోలార్ కంటే తక్కువ అని వచ్చింది. బయాకోర్ మెషిన్‌లో చేస్తే 2.1 నానోమోలార్ వచ్చింది (1 నానోమోలార్ అంటే 1000 పికోమోలార్). అంటే రెండు వేల రెట్లకు పైగా తేడా. ప్లేట్‌లో రంగుతో కొలిచే ఎలైసా పరీక్షలో మాత్రం మీ లాట్ కర్వ్, ఒరిజినల్ మందు కర్వ్ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రిపోర్టులో ఏ నంబర్ వేయాలని మేనేజర్ అడుగుతున్నారు. ఏ మెషిన్ తప్పు చెబుతోందో తెలియక వారం రోజులుగా టెన్షన్ పడుతున్నారు.

నమస్తే అండీ. మీరిచ్చిన వివరాలు రెండుసార్లు చదివాను. మెషిన్లు రెండూ బాగానే ఉన్నాయి. ఆ రెండింటినీ మీరు రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగారు, దేనికది జవాబు చెప్పింది. ఈ చిక్కు కొత్తగా పని మొదలుపెట్టిన దాదాపు ప్రతి టీమ్‌లోనూ చూశాను. మన పిల్లలు ఎమ్మెస్సీ అయ్యాక ఉద్యోగంలోనే మొదటిసారి ఈ మెషిన్లను ముట్టుకుంటారు. బటన్లు నేర్పేవాళ్లుంటారు కానీ, ఏ ప్రోటీన్‌ను ఎక్కడ కట్టాలి, ఎంత కట్టాలి, ఎందుకు అనేది నేర్పేవాళ్లు తక్కువ. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఆక్టెట్‌లో మీరు బయోటిన్ అనే చిన్న అణువు తగిలించిన హెర్2ను, బయోటిన్‌ను గట్టిగా పట్టే స్ట్రెప్టావిడిన్ పూసిన టిప్ మీద లోడ్ చేశారు. లోడింగ్ 2.4 నానోమీటర్ల వరకు వెళ్లిందని రాశారు. తరువాత ఆ టిప్‌ను యాంటీబాడీ ఉన్న ప్లేట్ బావిలో (వెల్‌లో) ముంచారు. బయాకోర్‌లో దానికి సరిగ్గా తిరగేసి చేశారు. చిప్ మీద యాంటీబాడీలను పట్టే ప్రోటీన్ ఎ, దాని మీద పట్టుకున్న యాంటీబాడీ, పైనుంచి ప్రవహించింది హెర్2. కథంతా ఈ తిరగేయడంలోనే ఉంది.

యాంటీబాడీకి రెండు చేతులు. మీరు ఆర్టీసీ బస్సులో నిలబడి, పైనున్న రాడ్డును రెండు చేతులతో పట్టుకున్నారనుకోండి. కుదుపుకు ఒక చేయి జారినా మీరు పడరు. రెండో చేయి పట్టుకునే ఉంటుంది, ఈలోగా జారిన చేయి మళ్లీ రాడ్డును అందుకుంటుంది. మీరు కిందపడాలంటే రెండు చేతులూ ఒకేసారి జారాలి. టిప్ మీద హెర్2 కిక్కిరిసి ఉన్నప్పుడు యాంటీబాడీ చేసేది అదే. ఒక చేయి సహజమైన వేగంతోనే విడిపోతూ ఉంటుంది, కానీ యాంటీబాడీ మొత్తంగా టిప్‌ను వదిలిపోదు. డిసోసియేషన్ కర్వ్, అంటే విడిపోవడాన్ని చూపే గీత, బల్లపరుపుగా కనిపిస్తుంది. దీన్నే అవిడిటీ అంటాం. బయాకోర్‌లో మీరు చేసిన పద్ధతిలో యాంటీబాడీ కదలకుండా ఉంది, విడిగా తిరిగే హెర్2 అణువుకు పట్టుకునే చోటు ఒక్కటే. జారితే జారినట్టే, బఫర్‌తో పాటు కొట్టుకుపోతుంది. అక్కడ వచ్చిన 2.1 నానోమోలార్ ఒక చేతి బలం. ఆక్టెట్‌లో కనిపించింది రెండు చేతుల పట్టు. పైగా మీరు ఆ రెండు చేతుల కర్వ్‌కు, ఒకటికి ఒకటే పట్టుకుంటుందనుకునే 1:1 మోడల్ ఫిట్ చేశారు. ఆ మోడల్‌కు రెండో చేయి ఉందని తెలియదు.

ఇక "1 పికోమోలార్ కంటే తక్కువ" అన్న మాట సంగతి. అది కొలత కాదు. డిసోసియేషన్‌లో తగ్గుదల ఏమీ కనిపించనప్పుడు సాఫ్ట్‌వేర్ వేసే ముద్ర అది. "నాకు ఇక్కడ ఏమీ కనిపించలేదు" అని చెప్పడం. దాన్ని "చాలా గట్టిగా అతుక్కుంది" అని చదువుకుంటున్నాం, పొరపాటు అక్కడే.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది, దయచేసి ల్యాబ్ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. ఆఫ్ రేట్ (విడిపోయే వేగం) నమ్మదగ్గదిగా చెప్పాలంటే డిసోసియేషన్ సమయంలో సిగ్నల్ కనీసం 5 శాతమైనా పడాలి. 5 శాతం పడటానికి పట్టే సమయం, సెకన్లలో, సుమారు 0.051ని ఆఫ్ రేట్‌తో భాగిస్తే వస్తుంది. ఆఫ్ రేట్ సెకనుకు 10⁻⁴ అయితే దాదాపు 8.5 నిమిషాలు. 10⁻⁵ అయితే 85 నిమిషాలు. మీరు డిసోసియేషన్ 600 సెకన్లే పెట్టారు. ఆ 600 సెకన్లలో మీరు చూడగలిగిన అతి తక్కువ ఆఫ్ రేట్ 8.5×10⁻⁵. మీ ఆన్ రేట్ (పట్టుకునే వేగం) 2×10⁵ అని రాశారు. ఆఫ్ రేట్‌ను ఆన్ రేట్‌తో భాగిస్తే కేడీ, సుమారు 0.43 నానోమోలార్ వస్తుంది. అంటే మీ ఆక్టెట్ రన్ ఎంత బాగా జరిగినా, దానితో 0.4 నానోమోలార్ కంటే కిందికి వెళ్లే హక్కు మీకు లేదు. పికోమోలార్ మాట రిపోర్టులోకి వెళ్తే, అనుభవమున్న రివ్యూయర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఒకే జంటకు వేర్వేరు కేడీలు రావడం మీ ఒక్కరి ఇబ్బంది కాదు. 2020 మొదటి నెలలు గుర్తున్నాయా? కరోనా వైరస్ స్పైక్ మన కణాల మీది ఏస్2 ప్రోటీన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందని ప్రపంచమంతా కొలుస్తున్న రోజులు. ఒక బృందం బయాకోర్ వాడే ఎస్‌పీఆర్ పద్ధతిలో స్పైక్ మొత్తాన్ని చిప్ మీద కట్టి, ఏస్2ను ప్రవహింపజేసి సుమారు 15 నానోమోలార్ అంది. ఇంకో బృందం ఏస్2ను చిప్ మీద కట్టి, స్పైక్‌లోని పట్టుకునే ముక్కను మాత్రమే పంపి 4.7 అంది. మూడో బృందం ఆక్టెట్ వాడే బీఎల్ఐ పద్ధతిలో 1.2 అంది. మూడూ మంచి ల్యాబుల పనులే, ఏదీ తప్పు కాదు. ప్రోటీన్‌లో ఏ ముక్క తీసుకున్నారు, దేన్ని కట్టారు, దేన్ని వదిలారు అన్నదాన్ని బట్టి నంబర్ మారింది. అందుకే పద్ధతి చెప్పకుండా కేడీ ఒక్కటే చెబితే నేను పట్టించుకోను.

ఈ పరికరాల లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఎస్‌పీఆర్‌లో గాజు మీద దాదాపు 50 నానోమీటర్ల మందాన బంగారు పొర ఉంటుంది. వెనకనుంచి కాంతి పడినప్పుడు, ఒక కోణం దగ్గర ఆ శక్తి బంగారంలోని ఎలక్ట్రాన్లకు వెళ్లిపోయి, తిరిగొచ్చే కాంతి బాగా తగ్గిపోతుంది. బంగారానికి అవతలివైపు ప్రోటీన్ వచ్చి చేరితే ఆ కోణం జరుగుతుంది. ఆ జరుగుదలనే ఆర్‌యూ, అంటే రెస్పాన్స్ యూనిట్లలో రాస్తాం. ప్రోటీన్ల విషయంలో 1 ఆర్‌యూ అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 1 పికోగ్రాము. అంత చిన్న బరువు, ఏ రంగూ ఏ ఎంజైమూ తగిలించకుండా కనిపిస్తుంది. స్వీడన్‌లోని లింకోపింగ్‌లో 1983లో దీన్ని ప్రోటీన్లకు వాడి చూపించారు, 1990లో మొదటి బయాకోర్ మార్కెట్లోకి వచ్చింది. ఆక్టెట్‌లో వాడే బీఎల్ఐ వేరు. సన్నని ఫైబర్ కొన మీద తెల్లని కాంతి రెండు ఉపరితలాల నుంచి తిరిగి వచ్చి కలుసుకుంటుంది. కొన మీద ప్రోటీన్ పొర మందం పెరిగితే ఆ కలయిక మారుతుంది. అందుకే ఆక్టెట్ నానోమీటర్లలో మాట్లాడుతుంది. అక్కడ గొట్టాలు లేవు, ప్రవాహం లేదు, ప్లేట్‌లో ముంచి తీయడమే. కణాల కల్చర్ నుంచి తీసిన ముడి ద్రవాన్ని కూడా పెట్టొచ్చు. యాంటీబాడీ చేసే వందలాది కణ క్లోన్లలోంచి ఏరుకోవాలంటే నేను కళ్లు మూసుకుని ఆక్టెట్ దగ్గరికే వెళ్తాను. ఒక చిన్న ప్రోటీన్ నిజమైన ఆన్, ఆఫ్ రేట్లు కావాలంటే మాత్రం బయాకోర్‌కే నా ఓటు.

"లేబుల్ ఫ్రీ" అన్న పేరు వల్ల ఒక అపోహ కూడా వస్తుంది. లేబుల్ లేదు అంటే చూడటానికి రంగు, ఎంజైమ్ తగిలించలేదని మాత్రమే. ప్రోటీన్‌ను ముట్టుకోలేదని కాదు. మీ హెర్2కు బయోటిన్ తగిలించారు కదా. బయోటిన్ ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాల మీద పడుతుంది. ఎక్కువ పడితే, అందులో కొన్ని యాంటీబాడీ పట్టుకునే చోటే ఉంటే, ఆ హెర్2 అణువులు ఉన్నా లేనట్టే. చిప్ మీద ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ రసాయనాలతో నేరుగా కట్టినా అదే గొడవ. ఒక్కో అణువు ఒక్కో దిక్కుకు తిరిగి అతుక్కుంటుంది. కర్వ్‌లో రెండు మూడు రకాల వేగాలు కలిసి కనిపిస్తే, దాన్ని కొత్త జీవశాస్త్రం అనుకుని మురిసిపోయే ముందు ఈ అనుమానం తీర్చుకోండి.

ఇప్పుడు మీ బయాకోర్ రన్. ఇది మెరుగ్గానే ఉంది, కానీ దీన్నీ అలాగే వదలకండి. యాంటీబాడీని 800 ఆర్‌యూ పట్టారు. లెక్క వేద్దాం. యాంటీబాడీ బరువు 150 కిలోడాల్టన్లు. హెర్2 బయటి భాగం 75 అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుంది. యాంటీబాడీకి రెండు చోట్లు ఉన్నాయి కాబట్టి గరిష్ఠ సిగ్నల్, 75ని 150తో భాగించి, 800తో, మళ్లీ 2తో గుణించాలి. 800 ఆర్‌యూ వస్తుంది. కైనెటిక్స్‌కు, అంటే వేగాలు కొలవడానికి, ఇది చాలా ఎక్కువ. ఉపరితలం మీద అంత జనం ఉంటే, హెర్2 వచ్చే వేగం కంటే చిప్ మింగే వేగం ఎక్కువవుతుంది. అప్పుడు మీరు కొలిచేది బైండింగ్ వేగం కాదు, ప్రవాహం సరుకు తెచ్చిపెట్టే వేగం. అసోసియేషన్ (పట్టుకునే) భాగం వంపు లేకుండా గీత గీసినట్టు తిన్నగా వెళ్తుంటే ఇదే కారణం. విడిపోయిన హెర్2 కూడా బయటికి పోకుండా పక్కనున్న యాంటీబాడీకే మళ్లీ చిక్కుతుంది, దాంతో ఆఫ్ రేట్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. యాంటీబాడీని 100 ఆర్‌యూ మాత్రమే పట్టండి. అప్పుడు గరిష్ఠం కూడా 100 దగ్గరే ఉంటుంది. సిగ్నల్ చిన్నగా ఉందని భయపడకండి, చిన్న సిగ్నలే నిజం చెబుతుంది. అనుమానం తీరాలంటే ఒకే కాన్సంట్రేషన్‌ను నిమిషానికి 10, 30, 75 మైక్రోలీటర్ల ప్రవాహంతో నడపండి. మూడు కర్వ్‌లూ ఒకదాని మీద ఒకటి పడితే మీరు క్షేమం. ప్రవాహం పెంచిన కొద్దీ ఎక్కే వేగం పెరుగుతుంటే ఇంకా తగ్గించాలి.

కాన్సంట్రేషన్ విషయంలో ఒక సంగతి చాలామందికి తట్టదు. మీరు సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసేది ట్యూబ్ మీద ఉన్న నంబర్. 280 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీసి వేసిన నంబర్. అందులో నిజంగా పట్టుకోగలిగిన ప్రోటీన్ ఎంత? ఆ హెర్2లో 60 శాతమే సవ్యంగా ముడుచుకుని ఉంటే, మీరు 100 నానోమోలార్ అనుకున్నది 60 మాత్రమే. ఆఫ్ రేట్‌కు దీనితో పనిలేదు, ఎందుకంటే విడిపోయేటప్పుడు ద్రావణంలో ఎంతుందనేది లెక్కలోకి రాదు. దెబ్బంతా ఆన్ రేట్ మీదే పడుతుంది. మీకు 2 నానోమోలార్ వస్తే అసలు కేడీ 1.2 ఉండొచ్చు. అందుకే వేర్వేరు కంపెనీల హెర్2 కొని రెండు నెలల తేడాతో చేసిన కేడీలను పక్కపక్కన పెట్టకూడదు. పక్కపక్కన పెట్టాల్సి వస్తే ముందు ఆఫ్ రేట్లు పోల్చండి. కాన్సంట్రేషన్ తప్పినా అవి మారవు.

ఇంకో మాట, రన్‌కు ముందు హెర్2ను, అణువులను సైజును బట్టి విడదీసే ఎస్‌ఈసీ కాలమ్ మీద ఒకసారి నడపండి. కొన్ని నెలలు ఫ్రీజర్‌లో ఉండి, రెండు మూడు సార్లు కరిగిన ట్యూబులో డైమర్లు (రెండేసి అతుక్కున్నవి), అంతకంటే పెద్ద ముద్దలు చేరతాయి. 3 శాతం ఉన్నా చాలు. ముద్దకు మళ్లీ రెండు చేతులు వచ్చేసినట్టే. డిసోసియేషన్ చివర్లో కర్వ్ సున్నా దాకా దిగకుండా ఓ మెట్టు మీద ఆగిపోతుంది. మనం దానికి కష్టపడి రెండు దశల మోడల్ ఫిట్ చేస్తాం. మోడల్ మార్చడం కంటే శాంపిల్ శుభ్రం చేయడం ఎప్పుడూ మంచిది. మంచి డేటాకు 1:1 మోడల్ సరిపోతుంది, చెడ్డ డేటాకు ఏ మోడలైనా సరిపోయినట్టే కనిపిస్తుంది.

బఫర్ గురించి క్లుప్తంగా. ట్రాస్టుజుమాబ్ మందు హిస్టిడిన్, ట్రెహలోజ్, పాలిసార్బేట్ ఉన్న ద్రావణంలో ఉంటుంది. మీరు యాంటీబాడీని పట్టడానికే వాడుతున్నారు, బాగా పలుచన చేస్తున్నారు కాబట్టి పెద్దగా ఇబ్బంది లేదు. ఎప్పుడైనా దాన్నే పైనుంచి ప్రవహింపజేయాల్సి వస్తే మాత్రం, డయాలసిస్ చేసి రన్నింగ్ బఫర్‌లోకి (మెషిన్‌లో ప్రవహించే ద్రావణంలోకి) మార్చకుండా చేయకండి. చక్కెర ఉన్న ద్రావణం వక్రీభవనం వేరు. ఇంజెక్షన్ మొదలవగానే కర్వ్ నిలువుగా లేచి, అయిపోగానే నిలువుగా పడుతుంది, అచ్చం పెట్టె ఆకారం. దాన్ని బైండింగ్ అనుకున్న రిపోర్టులు చూశాను. యాంటీబాడీ లేని రిఫరెన్స్ ఛానల్ సిగ్నల్‌ను తీసివేయడం, ఆపైన ఖాళీ బఫర్ ఇంజెక్షన్ తీసివేయడం, రెండూ చేయాలి. ఒక్కటి చేసి ఆపకండి.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను, మీకు త్వరలోనే అవసరపడుతుంది. హెర్2 అయ్యాక మిమ్మల్ని ఎఫ్‌సీఆర్ఎన్ చేయమంటారు. యాంటీబాడీ రక్తంలో దాదాపు మూడు వారాలు నిలవడానికి కారణమయ్యే రిసెప్టర్ అది. కణం లోపల పీహెచ్ 6 దగ్గర యాంటీబాడీని పట్టుకుంటుంది, పైకి తెచ్చాక పీహెచ్ 7.4 దగ్గర వదిలేస్తుంది. నేను పనిలో చేరిన రెండో ఏడు. చిప్ మీద ప్రోటీన్ ఎ అప్పటికే ఉంది, హెర్2కు బాగా పనిచేసింది. అదే చిప్ మీద మా లాట్‌ను పట్టి, పీహెచ్ 6లో ఎఫ్‌సీఆర్ఎన్ పంపాను. గీత కదల్లేదు. రెండోసారి, అదే. కొత్త ఎఫ్‌సీఆర్ఎన్ తెప్పించి మూడోసారి, అదే. లాట్ పాడైపోయిందని, ఆక్సిడేషన్ జరిగిందని అనుమానం మొదలైంది. ప్రోటీన్ బరువు కొలిచి మార్పులు పట్టే మాస్ స్పెక్ వాళ్లను నిద్రపోనివ్వలేదు. ఆక్సిడేషన్ జరిగే మెథియోనిన్లు బాగానే ఉన్నాయని వాళ్లు చెప్పినా నమ్మలేదు. పది రోజులు పోయాయి. చివరికి మా సీనియర్ మేడమ్ నా స్క్రీన్ దగ్గరికి వచ్చి, సెన్సోగ్రామ్ (మెషిన్ గీసిన కర్వ్) చూడకుండానే ఒక్క మాట అడిగారు: "యాంటీబాడీని దేంతో పట్టుకున్నావమ్మా?" ప్రోటీన్ ఎ తో మేడమ్, అన్నాను. ఆవిడ తెల్లకాగితం మీద వై ఆకారం గీసి, కాండం మధ్యలో, సీహెచ్2, సీహెచ్3 అనే భాగాలు కలిసే మలుపు దగ్గర ఒక చుక్క పెట్టారు. "ప్రోటీన్ ఎ కూర్చునే చోటు ఇదే. ఎఫ్‌సీఆర్ఎన్ కూర్చునే చోటూ ఇదే. కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి రెండోవాళ్లు రాలేదంటే ఎలా?" అన్నారు. లాట్‌లో ఏ లోపమూ లేదు. మర్నాడు యాంటీబాడీని ఫ్యాబ్ (చేయి) వైపు నుంచి పట్టుకునే చిప్ మీద అదే శాంపిల్ పెడితే మొదటి ఇంజెక్షన్‌కే కర్వ్ లేచింది. ఆ కాగితం ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. అప్పటి నుంచి కొత్తవాళ్లు ఏ డేటా తెచ్చినా నేను మొదట అడిగేది అదే ప్రశ్న.

హెర్2కు ప్రోటీన్ ఎ ఎందుకు పనికొచ్చిందంటే, హెర్2ను పట్టేది పై చేతులు, ప్రోటీన్ ఎ పట్టేది కాండం. ఒకరి దారికి ఒకరు అడ్డం రారు. రోగనిరోధక కణాల మీది ఎఫ్‌సీ గామా ఆర్3ఏ రిసెప్టర్ కూర్చునేది హింజ్ (చేతులు, కాండం కలిసే చోటు) దగ్గర, కాబట్టి దానికీ ప్రోటీన్ ఎ వాడుతుంటారు. ఆ రిసెప్టర్‌లో 158వ స్థానంలో వాలీన్ ఉన్న రకం, ఫినైల్అలనీన్ ఉన్న రకం, రెండూ చేయండి. వాలీన్ రకం గట్టిగా పడుతుంది. ఇక్కడ పట్టు బలహీనం, ఎక్కడమూ దిగడమూ చకచకా జరిగిపోతాయి. కైనెటిక్స్ కోసం కొట్టుకోకుండా, ఒక్కో కాన్సంట్రేషన్ దగ్గర కర్వ్ సమతలానికి వచ్చాక ఎత్తు తీసుకుని స్టెడీ స్టేట్ ఫిట్ వేయండి.

లేబుల్ ఫ్రీ పద్ధతులు అసలు విలువ చూపించేది ఈ రిసెప్టర్ దగ్గరే అని నా నమ్మకం. ఎలైసాలో ప్లేట్‌ను నాలుగైదుసార్లు కడుగుతాం. బలహీనంగా పట్టుకున్నది కడుగులో పోతుంది. మిగిలినదాన్ని చూసి రెండు లాట్లూ ఒకటే అంటాం. మీ ఎలైసా కర్వ్‌లు కలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు. అమైనో ఆమ్లాల వరస ఒకటే, పై చేతులు ఒకటే. తేడాలు ఎక్కడ వస్తాయంటే కింద, ఎఫ్‌సీ (కాండం) మీది చక్కెర గొలుసుల్లో. వాటిలో ఫ్యూకోజ్ అనే చక్కెర లేని గొలుసులు కొంచెం పెరిగినా ఈ రిసెప్టర్‌తో పట్టు స్పష్టంగా పెరుగుతుంది. ఫ్యూకోజ్ పూర్తిగా తీసేస్తే పదుల రెట్లు పెరుగుతుంది. దాన్ని అనుసరించే ఏడీసీసీ, అంటే రోగి రోగనిరోధక కణాలు క్యాన్సర్ కణాన్ని చంపే శక్తి కూడా మారుతుంది. ఒరిజినల్ మందు కూడా ఏళ్ల తరబడి ఒకేలా ఉండదు. 2011లో రిటుక్సిమాబ్ (మరో యాంటీబాడీ మందు) ఒరిజినల్ లాట్లలో, 2017లో ట్రాస్టుజుమాబ్ ఒరిజినల్ లాట్లలో ఇలాంటి జరుగుదల కనిపించిందని పరిశోధన పత్రికల్లో వచ్చింది. కాబట్టి ఒక్క ఒరిజినల్ లాట్ కొని దానితో పోల్చి చేతులు దులుపుకోకండి. వేర్వేరు ఎక్స్‌పైరీ తేదీల లాట్లు సేకరించడానికి మేనేజర్‌ను ఇప్పుడే అడగండి. డబ్బు పెద్ద మొత్తమే, కానీ తరువాత అడిగితే పాత లాట్లు దొరకవు.

2007లో డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను రెడిటక్స్ పేరుతో మన దేశంలో విడుదల చేసింది. మన దేశంలో బయోసిమిలర్ల కోసం సిమిలర్ బయాలజిక్స్ గైడ్‌లైన్స్ వచ్చింది 2012లో, వాటిని సవరించింది 2016లో. ఇప్పుడు ఇక్కడి ల్యాబుల్లో తయారైన ఫైళ్లు అమెరికాకు, యూరప్‌కు వెళ్తున్నాయి. అక్కడ కూర్చున్న రివ్యూయర్ మన సెన్సోగ్రామ్‌లను ఒక్కొక్కటిగా తెరిచి చూస్తారు. నచ్చని కర్వ్‌ను తీసేయాలనిపించినప్పుడు ఇది గుర్తుంచుకోండి. గాలి బుడగ వచ్చింది కాబట్టి తీశాను అని కారణం రాసి తీయండి. కారణం రాయలేకపోతే అది ఉండాల్సిందే. ఆడిట్ ట్రయల్‌లో (సాఫ్ట్‌వేర్ దాచే మార్పుల రికార్డులో) అన్నీ ఉంటాయి.

ఐటీసీ చేయమంటారా అని కూడా అడిగారు. దాని మీద నాకు గౌరవం ఎక్కువ, ఎందుకంటే అక్కడ దేన్నీ ఎక్కడా కట్టక్కర్లేదు. రెండూ ద్రావణంలోనే కలుస్తాయి, పుట్టే వేడిని కొలుస్తారు. ఒక యాంటీబాడీకి ఎన్ని హెర్2లు అన్నది సూటిగా తెలుస్తుంది. కానీ ప్రోటీన్ చాలా ఖర్చవుతుంది. మీ హెర్2 ధరకు మేనేజర్ ఒప్పుకోరు. పట్టు బలంగా ఉన్నప్పుడు, ముఖ్యంగా సబ్ నానోమోలార్‌లో, కేడీ నేరుగా తేలదు. కర్వ్ నిలువు మెట్టులా మారిపోతుంది. యాంటీబాడీ సగం చచ్చిపోయిందేమోనన్న అనుమానం ఉంటే ఒక యాంటీబాడీకి ఎన్ని హెర్2లన్న సంఖ్య కోసం ఒక్కసారి చేయండి, కేడీ కోసం వద్దు.

మరి ఆక్టెట్ డేటాను పారేయాలా? అక్కర్లేదు. హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ కణం మీద హెర్2 లక్షల్లో కిక్కిరిసి ఉంటుంది. అక్కడ యాంటీబాడీ నిజంగానే రెండు చేతులతో పట్టుకుంటుంది. అవిడిటీ అబద్ధం కాదు, మందు పనిచేసే తీరులో భాగం. టిప్ కణం కాదు కాబట్టి ఆ నంబర్‌కు విలువ లేదు, కానీ మీ లాట్, ఒరిజినల్ లాట్ ఒకే రోజు, ఒకే ప్లేట్‌లో, ఒకే లోడింగ్‌తో నడిస్తే ఆ పోలికకు విలువ ఉంది. బయోసిమిలర్ పనిలో మనకు కావాల్సింది చాలావరకు ఆ పోలికే.

వచ్చే వారం ఇలా చేయండి. ఆక్టెట్‌లో హెర్2 లోడింగ్‌ను 2.4 నుంచి 1.0, 0.5, 0.3 నానోమీటర్లకు దించుతూ నాలుగు రన్‌లు వేయండి. లోడింగ్ తగ్గిన కొద్దీ డిసోసియేషన్ వేగం పెరుగుతుంటే, బస్సులో రాడ్డులు దూరం దూరం జరుగుతున్నాయన్నమాట, అవిడిటీ రుజువైపోయినట్టే. ఒక టిప్‌కు డిసోసియేషన్ బావిలో బయోటిన్ లేని హెర్2ను ఎక్కువగా కలిపి పెట్టండి. విడిపోయిన యాంటీబాడీ దానికి చిక్కుకుని, టిప్ మీదికి తిరిగి రాదు. వీలైతే యాంటీబాడీలో కొంత పపైన్ ఎంజైమ్‌తో కోసి ఫ్యాబ్ చేసి అదే టిప్ మీద పెట్టండి. ఒక చేయే ఉన్న ఆ ఫ్యాబ్ ఆక్టెట్‌లో ఇచ్చే కేడీ, మీ బయాకోర్ కేడీకి రెండు మూడు రెట్ల లోపు వస్తుంది. ఆ గ్రాఫ్ ఒక్కటి మేనేజర్ ముందు పెడితే ఇంకేం వివరించక్కర్లేదు. ప్లేట్‌లో అంచు బావులు గంటన్నర దాటితే ఆవిరైపోతాయి, పొడుగు డిసోసియేషన్ పెట్టేటప్పుడు లోపలి బావులు వాడండి. బయాకోర్‌లో 100 ఆర్‌యూ క్యాప్చర్, నిమిషానికి 30 మైక్రోలీటర్లు, కేడీకి పదో వంతు నుంచి పది రెట్ల వరకు ఆరు కాన్సంట్రేషన్లు, అందులో ఒకటి రెండుసార్లు, ఖాళీ బఫర్ మూడుసార్లు. పై రెండు కాన్సంట్రేషన్లకు డిసోసియేషన్ అరగంట ఇవ్వండి. చిప్‌ను మళ్లీ ఖాళీ చేసే రీజెనరేషన్‌ను గ్లైసీన్ పీహెచ్ 1.5తో ఇరవై సైకిళ్లు నడిపి, ప్రతిసారీ క్యాప్చర్ ఎంత పడుతుందో రాసుకోండి. అది జారుతూ పోతుంటే ప్రోటీన్ ఎ దెబ్బతింటోందని అర్థం, చిప్ మార్చండి.

రిపోర్టులో నేనైతే ఇలా రాస్తాను, మీ నంబర్లు పెట్టుకోండి: "యాంటీబాడీని ప్రోటీన్ ఎ మీద సుమారు 100 ఆర్‌యూ పట్టి, మోనోమర్‌గా ఎస్‌ఈసీతో నిర్ధారించిన హెర్2ను 25 డిగ్రీల వద్ద ప్రవహింపజేసి, 1:1 మోడల్‌తో ఆన్ రేట్, ఆఫ్ రేట్, కేడీ లెక్కించాం. ఒరిజినల్ లాట్లను అదే చిప్ మీద, అదే రోజు పోల్చాం. హెర్2 ఉన్న టిప్ మీద యాంటీబాడీ బైండింగ్‌ను బీఎల్ఐ ద్వారా రెండు చేతుల పట్టును చూడటానికి మాత్రమే వాడాం, ఒరిజినల్‌తో పోల్చిన శాతంగా చూపించాం. దాని నుంచి కేడీ ఇవ్వడం లేదు."